మంచు మీద కొమ్మల దారి

జాగోరె, 9 ఫిబ్రవరి 1961

చిరంజీవి గ్లాషాను అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ ఆవుతో సహా అందరం కులాసా. మీ ముగ్గురూ కులాసా అనుకుంటాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఉల్లిపాయలు కుళ్ళలేదు. ఊరేసిన పుట్టగొడుగులు నీకోసం ఒక జాడీ దాచాను. ఊరు ఎలా ఉందని అడిగావు. పై వీధిలో మూడిళ్ళలోనే పొగ లేస్తోంది. మూడు వైపులా అదే బురదనేల, నాలుగో వైపు అదే నది. ఎక్కడికి పోతుందిలే!

మార్చిలో పాపతో నది దాటి వస్తాను, నాన్న కొమ్మలు పాతాడా అన్నావు. పాతాడు. నది గడ్డకట్టగానే గునపంతో తూట్లు పొడిచి, ఎప్పటిలాగే మంచు గట్టిగా ఉన్నచోట దారి తెలిసేలా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఫర్ చెట్టు కొమ్మలు నిలబెట్టాడు. అందరూ వాటి వెంటే దాటుతున్నారు.

కానీ పోయిన వారం ఆ కొమ్మల పక్కనే మంచు విరిగి, టపా తెచ్చే ఫెవ్రోనియా బండి వెనకభాగం నీళ్ళలో దిగబడింది. గుర్రం గుంజబట్టి బతికింది. "ఊటలు కూడా ముసలాళ్ళలాగే మంచం మారుస్తాయి అక్కా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. మీ నాన్న ఒక కొమ్మ పక్కకు జరిపి పాతాడు, అంతే.

గ్లాషా, భయంగా ఉందమ్మా. శరదృతువు నుంచి మీ నాన్నకు చూపు ఆనడం లేదు. ఈసారి మంచు చూసింది నేను. "నల్లగా ఉందా, తెల్లగా ఉందా?" అని అడుగడుగునా అడిగాడు. మంచు నల్లగా ఉంటే కింద ఊట ఉండి పలచబడినట్టే కదా. పైన కొత్త మంచు కురిసి ఉంది. ఊడ్చి చూడాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, ఊడ్వకుండానే "తెల్లగానే ఉంది" అన్నాను. అన్ని కొమ్మలకూ అదే మాట.

"నాకు కనబడదని ఊళ్ళో తెలిస్తే నేను బతికీ దండగే" అంటాడు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

ఇప్పుడు ఫెవ్రోనియా మా పొయ్యి పక్కనే టీ తాగుతూ ఈ ఉత్తరం కోసం కూర్చుంది. "త్వరగా కానియ్ అక్కా, పొద్దు వాలితే కొమ్మలు కనబడవు" అని తొందరపెడుతోంది. నిజం చెబితే బురద చుట్టూ తిరిగి దిగువ వంతెన మీదుగా వెళ్తుంది. ఉత్తరం నీకు వారం ఆలస్యంగా చేరుతుంది.

పైన తేదీ చూసుకో. ఎలా అందినా నువ్వు ఆ కొమ్మల వెంట రాకు. ఆలస్యంగా అందితే నేను చెప్పేశానని తెలుసుకో. వేళకే అందితే, ఇక నన్ను అమ్మా అని పిలవకు.

ఇట్లు,
ఇంకా నోరు పెగలని
మీ అమ్మ