నీ పేరుతో ఒక గంట

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. పొద్దున పెనుకొండలో బస్సెక్కి హిందూపురం వచ్చాను, ఇంటర్నెట్ సెంటర్ అంటే ఏంటో చూద్దామని. చూసినప్పటి నుంచీ నీకు చెప్పాలని ఒకటే ఆత్రం!

నీకు చెవులు వినపడవు, నోట మాట లేదు. ఊళ్లో అందరికీ నువ్వు మూగోడివే. నేను ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మాట్లాడుతుంటే అద్దం బయట నిలబడి నా పెదాలు చూసేవాడివి. బయటికి రాగానే అరచెయ్యి చాపేవాడివి. అవతలివాళ్లు అన్నదంతా దాని మీద వేలితో రాయాలి. ఒక్క ముక్క ఎగ్గొట్టినా కనిపెట్టి అలిగేవాడివి.

ఇక్కడ ఎనిమిది మంది కూర్చుంటే ఒక్కరూ నోరు విప్పరన్నా! అందరూ వేళ్లతోనే మాట్లాడుతున్నారు.

సెంటరాయన చాట్ తెరిచి ఇచ్చాడు. "ధర్మవరం నుంచి ఒకాయన ఉండాడమ్మా. నువ్వు కొట్టింది ఆడ చదువుకుంటాడు" అన్నాడు.

"చెవులు వినపడనోళ్లు కూడా మాట్లాడొచ్చా?"

"ఈడ వినేదేముండాదమ్మా!" అని నవ్వాడు.

పేరు అడిగితే నీ పేరు కొట్టాను. నువ్వు నా అరచేతిలో రాసిన కథలన్నీ చెప్పాను. కోట మీద కోతి నీ టోపీ ఎత్తుకుపోయిందీ, బర్రె తప్పిపోయి పోలీస్ స్టేషన్‌లో దొరికిందీ అన్నీ. గంట ఎట్లా గడిచిందో తెలియలేదు.

చివర్లో ఆ ధర్మవరం ఆయన ఏం రాశాడో తెలుసా?

"శానా మాట్లాడతావు కదప్పా నువ్వు!"

ఒక్క ముక్క కూడా ఎగ్గొట్టలేదన్నా.