మామయ్యకు బదులు కోడిపుంజు

నాంగ్‌సిరాంగ్,
1996 ఫిబ్రవరి 4

షిల్లాంగులో హాయిగా కూర్చున్న మామయ్యకు, ఊళ్లో మండిపోతున్న మేనకోడలు ఇబాదాహున్ రాస్తున్నది.

పొద్దున్నే తలుపు తీస్తే గడపలో కోడిపుంజు! కాలికి తాడు, మెడలో మీ చీటీ. "నేను రాలేను. తంతుకు పుంజును పంపుతున్నాను." సంత జీపు డ్రైవరు దించి వెళ్లాడట.

అమ్మమ్మ ఎముకల్ని మన వంశపు రాతిగూటిలో పెట్టే రోజు మేనమామ ముందు నడవాలి. పుంజు కాదు. తంతు ఈ నెల ఇరవై రెండున. మీరు రాకపోతే ఆవిడ తన తల్లి దగ్గరికి చేరదు, ఊరి బయట చిన్న రాతిపెట్టెలోనే పడుంటుంది. బతికినన్నాళ్లూ ఎండుచేపల బుట్ట మోసుకుని కొండలన్నీ తిరిగిన మనిషికి ఇదా మర్యాద?

ఆ రోజు చదవడానికి ఆవిడ చరిత్ర రాస్తున్నాను. "వీరవనిత త్రోలిన్, కారడవిలో ఎదురుపడిన ఎలుగుబంటి ముక్కును ఎండుచేపల బుట్టతో పగలగొట్టెను" అని మొదలు. సెలవులయ్యాక కాలేజీలో కూడా చూపిస్తాను.

కోపంతో,
ఇబా

తా.క.: మీ పుంజు వచ్చిన గంటలోపే పక్కింటి పుంజును తన్నింది. మన వంశమేనని ఊరంతా ఒప్పుకుంది.

*

షిల్లాంగు,
ఫిబ్రవరి 8

తలబిరుసు మేనకోడలికి కిన్‌సాయి మామయ్య రాయునది.

నేను రాను. ఎందుకో నీకెవరూ చెప్పినట్టు లేదు. నువ్వు పుట్టకముందు సంగతి. మా అమ్మ సిల్హెట్ సంత నుంచి వీపున మోసుకొచ్చిన గ్రామఫోను ఉండేది. దాని గొట్టం ఊడదీసి తేనె సీసాల్లోకి పోయడానికి వాడాను. అంతే! "నేను పిలిచేదాకా ఈ గడప తొక్కావో, కాళ్లు విరగ్గొడతానురా" అంది. "లోయ అంచున నిలబడి నువ్వు నా రాగం ఎత్తితేనే వస్తాను పోవే" అన్నాను నేను. మన ఊళ్లో ఏ బిడ్డకు ఆ బిడ్డకు పుట్టగానే తల్లి కట్టిన రాగంతో పిలిస్తేనే కదా పిలుపు! ఆవిడ పిలవలేదు. నేను వెళ్లలేదు. ఆవిడ పోయిన నాడు కూడా వెళ్లలేదు. ఇప్పుడు నువ్వు కాగితం గీకితే పరిగెత్తుకు రావాలా?

ఇక నీ చరిత్ర. అది ఎలుగుబంటి కాదు, మా నాన్న. సంతలో తాగి, నల్ల కంబళి కప్పుకుని చీకటిపడ్డాక వచ్చాడు. ముక్కు పగిలిన మాట మాత్రం నిజం.

నీ మామయ్య

తా.క.: 'వీరవనిత' అని రాయకు. ఆవిడ లేచొచ్చి నీ నెత్తిన మొడుతుంది. పుంజుకు మొక్కజొన్నలు నానబెట్టి వెయ్యి. ఎండువి వేస్తే దానికి కోపం.

*

నాంగ్‌సిరాంగ్,
ఫిబ్రవరి 11

గొట్టం మామయ్యకు,

ఒక రేకు గొట్టం కోసం ఇన్నేళ్లా! మీ ఉత్తరం పక్కింటి బెత్లీన్ పెద్దమ్మకు చదివి వినిపించాను. నోట్లో వక్క పక్కకు తోసి, "తల్లీకొడుకులు ఒకే బండలోంచి చీల్చిన ముక్కలే పిల్లా. ఒకటి వానకు కదలదు, ఇంకోటి ఎండకు కదలదు" అంది.

ఎలుగుబంటిని తియ్యను. ఊరంతా నమ్మింది. తాతయ్య కూడా నమ్మాడట. కట్టు కట్టిన ముక్కుతో ఆ కథ అందరికీ చెప్పింది ఆయనేనట.

ఇంకో మాట. మీరు రాకపోయినా అమ్మమ్మ ఘనంగా వెళ్తుంది. తంతులో ఆవిడ రాగాన్ని వినిపించబోతున్నాను. పోయిన చలికాలం స్నేహితురాలి టేప్‌రికార్డరులో పట్టాను. రోజూ సాయంత్రం లోయవైపు తిరిగి కూర్చుని అదొక్కటే తీసేది. ఆవిడను రాగంతో పిలిచే పెద్దవాళ్లు ఎవరూ మిగల్లేదు కదా, పాపం, తనను తనే పిలుచుకునేది.

ఇంకా ఎక్కువ కోపంతో,
ఇబా

తా.క.: పుంజుకు మొక్కజొన్నలు నానబెట్టాను. అయినా కోపమే.

*

షిల్లాంగు,
ఫిబ్రవరి 15

బుద్ధిలేని ఇబాకు,

కాలేజీలో నేర్పింది ఇదేనా? మనిషితోపాటే రాగం పోవాలి. పోయినవాళ్ల రాగం మన ఊళ్లో ఎవరైనా ఎత్తారా? ఆవిడ ఇప్పుడు దేవుడి గుమ్మంలో కూర్చుని ప్రశాంతంగా వక్క నములుతూ ఉంటుంది. ఎవరో పిలిచారనుకుని లేచొచ్చిందంటే ఆ వక్క నీ మొహానే ఉమ్ముతుంది. ఆ క్యాసెట్టు వెంటనే పంపు. పెద్ద చెరువులో పడేస్తాను. పంపకపోతే నువ్వు నా మేనకోడలివే కాదు.

కిన్‌సాయి

తా.క.: మా నాన్న ఆ కథ చెప్పుకున్నాడంటే పరువు కోసం. నీకేం వచ్చింది?

*

నాంగ్‌సిరాంగ్,
ఫిబ్రవరి 18

రాతిగుండె మామయ్యకు,

ఇదిగో క్యాసెట్టు. చెరువులో పడేసేముందు ఒక్కసారి వినండి. విన్నాక కూడా పడెయ్యాలనిపిస్తే పడెయ్యండి, నేను మళ్లీ ఉత్తరం రాస్తే ఒట్టు. మాట పడిపోయిన రోజున కూడా ఆవిడ పెదవులు ఈ రాగానికే కదిలాయి. పక్కన కూర్చున్నది నేను, మీరు కాదు.

తంతు ఆగదు. మీ బదులు పుంజే ముందు నడుస్తుంది.

సెలవు,
ఇబాదాహున్

తా.క.: పెద్దమనిషి స్థానం కాబట్టి పుంజుకు తలపాగా చుట్టాను. మీకంటే దానికే నప్పింది.

*

షిల్లాంగు,
ఫిబ్రవరి 21

ఇబా,

ఈ ఉత్తరం సాయంత్రం జీపు డ్రైవరు చేతికిస్తున్నాను. రాత్రికి నీకు అందుతుంది.

క్యాసెట్టు విన్నాను. ఇంట్లో టేప్‌రికార్డరు లేక రేడియోలు బాగుచేసే కొట్టులో, పదిమంది ముందు విన్నాను. కొట్టువాడు "ఏమైంది అన్నా?" అంటే వాడిమీద అరిచి వచ్చేశాను.

తెలివితక్కువదానా, అది మా అమ్మ రాగం కాదే. తనను తనే పిలుచుకునేంత తీరిక ఆవిడకు ఏనాడుంది? అది నాది. మొదటి మలుపులో మేక దగ్గినట్టు వస్తుంది చూడు, అది నేను పుట్టగానే దగ్గిన దగ్గు. దాన్నీ రాగంలో కట్టేసింది.

రోజూ పిలిచిందన్నమాట. ఎన్ని కొండల అవతల ఉన్నానో తెలియదా ముసలిదానికి? ఒక మనిషితో కబురు పంపితే ఏం పోయేది? ఎలుగుబంటికి భయపడనిది, కొడుకును పిలుస్తున్నానని నీతో చెప్పడానికి భయపడిందా? నాకిప్పుడు ఎవరిమీద అరవాలో తెలియడం లేదు. నువ్వే దొరికావు.

రేపు తెల్లవారుజామున మొదటి జీపుకు బయలుదేరుతున్నాను. కొండమీద మలుపులో దిగుతాను. కానీ పిలవనిదే ఊళ్లోకి మెట్లు దిగను, మాటంటే మాటే. నువ్వు లోయ అంచుకొచ్చి నిలబడు. రాగం నీకు వచ్చు కదా. దగ్గు మాత్రం వదిలెయ్యకు.

మామయ్య

తా.క.: గ్రామఫోను గొట్టం తెస్తున్నాను. ఎన్నిసార్లు కడిగినా తేనె వాసన పోలేదు. నీ గొంతు అంతదూరం రాకపోతే అందులోంచి పిలుద్దువుగాని అనుకున్నాను, కానీ గొట్టం నా దగ్గరే ఉంటుంది కదా. కాబట్టి గట్టిగా పిలువు. ఎలుగుబంటిని చరిత్రలో అలాగే ఉంచు. ఆ పుంజు తలపాగా విప్పి, ఉతికి ఆరేసి పెట్టు. పొద్దున అది నాకు కావాలి.