పదిహేడో అధ్యాయంలో ఆగిపోయిన లారీ గురించి

పరీక్షల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మనవరాలు చదువుతున్న అమెరికా నవలలో మిగిలిన పన్నెండు అధ్యాయాలను కూడా పరీక్షకు పెట్టించుట గురించి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం పిల్లకు అమ్మమ్మను. నాలుగో తరగతి వరకు చదివితిని. తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా పిల్లకు చదివినది పైకి చెప్పనిదే బుర్రకెక్కదు. అందువలన రోజూ సాయంత్రం ఆ ఇంగ్లీషు నవల ఒక్కో అధ్యాయం చదివి, నాకు మన మాటల్లో చెప్పుచుండెను. అందులో పొలం పోగొట్టుకున్న ఒక కుటుంబం, పదకొండుమంది, పాత లారీలో పరుపులు, గిన్నెలు వేసుకుని కూలిపని కోసం పరాయి రాష్ట్రం పోవుచున్నారు. ఆ పరుపులకు కట్టిన తాడు ఆగదని మొదటిరోజే చెప్పితిని. ఎవరు వింటారు?

2. పదిహేడో అధ్యాయంలో లారీ మండుటెండలో ఆగిపోయినది. చంటిదానికి జ్వరం. తాగే నీళ్ళు అయిపోయినవి. పెద్దకొడుకు డబ్బా పట్టుకుని నీళ్ళకు వెళ్ళెను. అంతటితో తమ సిలబస్ అయిపోయినది.

3. "తరవాతేమైందే?" అని అడిగితే, "ఏమో అమ్మమ్మా, పరీక్షకి అంతవరకే" అంటుంది. "అదేమిటే, మనుషుల్ని నడిరోడ్డు మీద వదిలేస్తావా?" అంటే, "నేను వదల్లేదు. పరీక్షలవాళ్ళు వదిలేశారు" అంటుంది. కనుక తమరిని అడుగుచున్నాను.

4. తొమ్మిది రోజులైనది. కింది వాటాలో ఉండే దర్జీ కూడా మెట్ల మీద కూర్చుని ఈ కథ వినేవాడు. "పిన్నిగారూ, నీళ్ళు దొరికాయా?" అని పొద్దున్నే అడుగుతాడు. నిన్న ఎవరిదో చొక్కాకి చేతులు రెండూ ఒకేవైపు కుట్టాడు. దీనికి బాధ్యులెవరు?

5. ఆ పెద్దకొడుకు టోపీ కూడా పెట్టుకోకుండా వెళ్ళాడండీ. చంటిదాన్ని కనీసం లారీ నీడనైనా పడుకోబెట్టారో లేదో, ఆ తల్లికి తోచిందో లేదో. నాకు గ్లాసెడు నీళ్ళు గొంతు దిగడం లేదు. "అది కథ అమ్మమ్మా" అంటుంది పిల్ల. కథ అయితే మరీ సులువు కదండీ, నీళ్ళు ఇచ్చెయ్యడం!

కావున మిగతా అధ్యాయాలు పరీక్షకు పెట్టించి పిల్లలచేత చదివించవలెను. ప్రశ్నలు మాత్రం తేలికవి ఇవ్వవలెను, మా పిల్లకు భయం ఎక్కువ. చంటిది జ్వరంతో ఉన్నందున జాగు చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెండో సంవత్సరం పిల్ల అమ్మమ్మ

మళ్ళీ రాయునది: అర్జీ కవరులో పెడుతుంటే మనవరాలు చూసేసింది. "ఇది పంపావంటే మా క్లాసు క్లాసంతా మన గుమ్మం ముందు ధర్నాకి కూర్చుంటుంది. పోస్టులో వెయ్యనని ఒట్టెయ్యి, మొత్తం చదివి చెబుతాను" అంది. ఒట్టు వేశాను. వెంటనే పద్దెనిమిదోది చదివింది. నీళ్ళు దొరికాయండీ! చంటిది కళ్ళు తెరిచింది. ఇంక లారీ కదలాలి. అందుకని దీన్ని పోస్టులో వెయ్యకుండా మనిషిచేత పంపుతున్నాను. తమరు ప్రస్తుతానికి ఏమీ చెయ్యకండి, సొరుగులో ఉంచండి. మా పిల్ల మళ్ళీ మధ్యలో ఆపిందంటే కబురు పెడతాను, అప్పుడు తియ్యండి.