‘తప్పు యాడ’ను అందరి చేతికీ ఇస్తూ

ఆళ్లగడ్డ గాజుల అంగడి షేక్ ఇమాం సాహెబ్, చాంద్‌బీల కుమార్తెను, నంద్యాలలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఖుష్బూ అను నేను, వయస్సు ఇరవై, నిలకడైన మనస్సుతో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా. సోమవారం కర్నూలులో నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరమ్మ అన్నారు. అయినా, నా ఒక్కదాని పాస్‌వర్డుతో తెరుచుకునేది ఒకటుంది. అది నాతోపాటు మూతపడకూడదు.

1. నా సైకిలు అబ్బాకు. బ్రేకు కీచుమంటుంది, బాగు చేయించవద్దు. వింటే నేనొస్తున్నట్టు ఉంటుంది. నా నిఘంటువు, హాస్టలు గదిలో నాతో ఉండే స్నేహితురాలు అర్చనకు. నేను దాన్ని చదువుతుంటే ‘ఏందే, పెండ్లిపత్రిక మాదిరి పైకి చదువుతాండావ్’ అని ఎగతాళి చేసింది గనుక ఆమెకే.

2. ‘తప్పు యాడ’ నేను రాసిన చిన్న సాఫ్ట్‌వేర్ పనిముట్టు. ప్రోగ్రాం ఆగిపోతే కంప్యూటర్ ఇంగ్లీషులో చూపే తప్పును మన మాటల్లో చెబుతుంది. బ్రాకెట్ మూయకపోతే, ‘తలుపు తెరిచినావు, మూసేదెవురప్పా?’ అంటుంది. ముందుగా చెప్పని పేరు వాడితే, ‘ఈయప్ప ఎవురు? నాకు చెప్పనే లేదే’ అంటుంది. చదువు మానేస్తానన్న నా జూనియర్, రుద్రవరం మద్దిలేటి, ఇది చదివి నవ్వి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. దీని కోడ్ యావత్తూ చదవడానికి, వాడడానికి, మార్చడానికి, పంచడానికి అందరికీ సర్వహక్కులతో ఇస్తున్నాను. మార్చినవారు తమ మార్పునూ ఇట్లే తెరిచి ఉంచవలెను. వచ్చిన మార్పులను చూసి కలిపే బాధ్యత మద్దిలేటిది.

3. సీనియర్ వెంకటేష్ అన్నకు: ‘ఏందీ పల్లె మాటలు? కంపెనీవాళ్లు చూస్తే నవ్వుతారు’ అని ల్యాబులో అందరి ముందర అన్నారు. నాకింకా కోపమే. అయినా నా మాటలకు బదులుగా మీరు రాసిన ‘దోషము సంభవించినది’ వగైరాలకు పనిముట్టులోనే ఒక శాఖ వేరుగా పెట్టాను. పైకి చదివితే అవీ బాగానే ఉన్నాయి. అక్కడి పెత్తనం మీదే.

4. వరుసగా తప్పులు వస్తుంటే పనిముట్టు, ‘తిన్నావా? తిని మళ్లీ చూడు’ అంటుంది. ఫోనులో అమ్మీ ఉర్దూలో అడిగేదానికి నా తెలుగు అది. ఈ ఒక్క వాక్యాన్ని ఎవరూ ముట్టరాదని ఇక్కడ రాసుకున్నాను. చిన్నాయన కొడుకు హబీబ్ అన్న చదివి, ‘అంతా ఇచ్చి, ఇదొకటి సంకలో పెట్టుకున్యావేందే?’ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గాజులు సర్దుతున్న అమ్మీ తల ఎత్తకుండానే, ‘మార్చేటోళ్లను రాసుకోనీలేవే. వాళ్లమ్మలు ఏమడుగుతారో అది రాసుకుంటారు’ అంది. ఆ నిషేధాన్ని కొట్టివేశాను.

5. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందట. రెండు, మూడు, నాలుగు అంశాలకు అంత ఓపిక లేదు. ఈ ఉదయమే కోడ్ అందరికీ తెరిచేశాను. నేను తిరిగి వస్తే సొంతదారుగా చూడవద్దు. ఒక వాక్యం సరిదిద్దడానికి వచ్చినదానిగా, అందరితోపాటు నన్నూ వరుసలో నిలబడనివ్వండి.

ఆళ్లగడ్డ, 14 నవంబరు 2025.

(సంతకం) షేక్ ఖుష్బూ

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
ఉమామహేశ్వరమ్మ, పక్కింటి టీచరు
ఇమ్మానుయేలు, ఎదురంగడి టైలరు