సైరన్ విన్న అవ్వ

బాపూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. ఈ మధ్య ఫోనులో నాటకాలు వింటున్నాను. బొమ్మ ఉండదు, గొంతులూ చప్పుళ్లూ మాత్రమే. కళ్లు మూసుకుంటే మనుషులు పక్కనే తిరుగుతుంటారు. నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీలాగే మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మీద ఒకటి దొరికింది. ఫ్యాక్టరీ తెరవాలని నేను పంచే కరపత్రాలు బోధన్‌లో ఎవరూ చదవడం లేదు, దీన్ని వాడంతా వినిపించి అందరికీ కోపం తెప్పించాలనుకున్నాను. పొద్దుగూకే వేళ ముందుగా నన్ను కన్న అవ్వకు వినిపించాను.

నాటకంలో షిఫ్టు దిగే సైరన్ మోగింది. అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లి, నువ్వు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు కాచినట్టే, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"అవ్వా, అది నాటకమే," అన్నాను.

"నాకెర్క లేదా? ఊకో బిడ్డా. సైరన్ అయింది, మీ బాపు వస్తడు. సన్నీళ్లతోని తానం జేస్తడా?"

కోపంగా ఫోను ఆపబోయి ఆగాను. ఫోనులో ఎవరివో చెప్పులు ఇంటి వైపు నడుస్తున్నాయి. అవ్వ కాగిన నీళ్లు బకెట్‌లో పోసి, తువ్వాల పక్కన పెట్టి, నా మొహం చూసింది.

దయ్యాలు లేవని ఊరంతటితో కొట్లాడే నేను, బాపూ, లేచి వెళ్లి తలుపు గడియ తీశాను.