టిక్‌మనే పాన

అక్టోబర్ 5, ఆదివారం

మనవరాలు నవీన నాతో మాట్లాడటం లేదు. రెండు ముద్దలు తిని లేచి వెళ్లిపోయింది.

దసరాకు నా సైకిళ్ల కొట్టులో సామానంతా కడిగి, నూనె రాసి, బొట్టు పెట్టాను. ఏటా పెడతాను. మనవరాలి రేసు సైకిలు కూడా అక్కడే ఉంది. దానికి మాత్రం పండుగ ఉండొద్దా? సీటు గొట్టం బయటికి తీసి, తుడిచి, గ్రీజు పూసి మళ్లీ దించాను. ఏ సైకిలుకైనా అదే చేస్తాను. కానీ ఇది ఇనుము కాదు, కార్బన్. గ్రీజుకు జారుతుందట. నిన్న ప్రాక్టీసులో సీటు కిందికి దిగింది. బిగించి ఇచ్చాను. మళ్లీ దిగింది. ఈసారి నా పట్టు పట్టి బిగించాను. చిట్‌మన్నది. గొట్టం చుట్టూ వెంట్రుకంత పగులు.

శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి పనికి పోయేవాళ్ల సైకిళ్లన్నీ ఈ చేతి కిందే తిరిగాయి. ఒక్క నట్టు ఊడలేదు. ఎవరూ అనరు గనుక నేనే రాసి పెడుతున్నాను.

నవంబర్ 23న కరీంనగర్‌లో సెలెక్షన్ రేసు. గెలిస్తే రాష్ట్రం టీములోకి పోతుంది.

అక్టోబర్ 6

సైకిలు తన గదిలో పెట్టుకుని తాళం వేసుకుంది. నా నుంచి!

అక్టోబర్ 9, పొద్దున

నవీన కోచ్ విద్యాధర్ కొట్టుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బ్యాగులోంచి జానెడు పాన తీశాడు. టార్క్ రెంచి అంట. పిడి తిప్పి ఐదు మీద పెట్టుకోవాలె కాకా, బిగువు ఐదుకు రాంగనే టిక్‌మంటది, ఇగ అక్కడ ఆపాలె, మించితే పగులుతది, తక్కువైతే జారుతది అన్నాడు. జర్మనీదట. ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

కొత్త గొట్టం హైదరాబాద్ నుంచి తెప్పిస్తాడట. రేసు దాకా సైకిలు తనే బిగిస్తాడట. నువ్వు ఫికర్ చెయ్యకు కాకా అన్నాడు.

నా ఇంట్లో సైకిలు బిగించడానికి నువ్వెవరు అని అడిగాను. తల వంచుకుని, నవీననే చెప్పమన్నది కాకా అన్నాడు.



అక్టోబర్ 11

మా ఆవిడ లస్మవ్వ వాడంతా చెప్పింది. మా ముసలోనికి పాన పట్టుడు నేర్పెతందుకు సారు వచ్చిండు అని. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ పాన నేనే కొంటాను. నా సైకిలు నేనే బిగిస్తాను.

అక్టోబర్ 14

మంచిర్యాల పోయాను. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి తైవాన్‌ది, ఒకటి మన జలంధర్‌ది.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. తైవాన్‌ది చేతిలో పట్టుకుంటే మనకోసమే చేసినట్టుంది. అంకెలు తెల్లగా, పెద్దగా ఉన్నాయి. అద్దాలు లేకుండా చదివాను. జలంధర్‌ది పిడి గరుకు. అంకెలు చీమ తలకాయలంత. డబ్బా మూత సరిగా పడదు. మనవాళ్లకు ఇనుము చేయడం వచ్చు, ముస్తాబు చేయడం రాదు.

బయటిదే తీస్కో పెద్దాయనా అని షాపాయన. అది చెడితే ఎవరికి చూపించాలి అని అడిగాను. చెడితే పడేసి కొత్తది కొనుడే అన్నాడు. మరి దేశీది? జలంధర్ పంపిస్తే సరిచేసి, కొలత సరే అని కాయితం పెట్టి పంపుతరు, కాని జర ఆలస్యమైతది అన్నాడు.

రెండూ తీసుకుపోతా, ఒకటి తిరిగి తెస్తా అన్నాను. అట్ల ఇయ్యం అన్నాడు. మీ నాయన మొదటి సైకిలు ఎవరు బిగించారో అడుగు అన్నాను. ఇచ్చాడు.

అక్టోబర్ 17, సాయంత్రం

రెండు పానలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏది నిజం చెబుతుందో ఎట్లా తెలియాలి? రెండూ టిక్‌మంటాయి. అబద్ధం చెప్పేవాడు కూడా గట్టిగానే చెబుతాడు కదా.

పక్క కిరాణం హనుమండ్లు వచ్చి, ఏం బావా, పెండ్లి సంబంధాలు చూస్తున్నవా, నల్లపిల్లనా తెల్లపిల్లనా అన్నాడు. దేశీదే తీసుకుంటా, మనది మనదే అన్నాను. మరి మీ ఇంట్ల టీవీ ఏ ఊరిది బావా అన్నాడు. వాడిని తిట్టాను.

మా లొల్లికి నవీన బయటికి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత నా మొహం చూసింది. గింత దానికి లొల్లి ఎందుకు తాతా, గిది మా ఇంటర్ పుస్తకంల ఉన్నదే అన్నది. అట్టముక్క మీద ఏదో లెక్క వేసింది. పాన తలకాయను బల్లకున్న వైసులో బిగించి, పిడిని అడ్డంగా ఉంచి, తల నుంచి పదిహేడు సెంటీమీటర్ల దూరంలో మూడు కిలోల బరువు వేలాడదీస్తే అదే ఐదు అని చెప్పింది. హనుమండ్లు తూకం రాళ్లు పట్టుకొచ్చాడు.

రెండింటినీ ఐదు మీద పెట్టి, మూడు కిలోలకు కాస్త తక్కువ వేలాడదీశాం. రెండూ మాట్లాడలేదు. మూడు కాగానే జలంధర్‌ది టిక్. తైవాన్‌ది టిక్. ఎన్నిసార్లు చేసినా అంతే.

పరువు కోసం మనదే గెలవాలని చూశాను. రెండూ గెలిచాయి. ఏం చేస్తాం.

నవీన నవ్వింది. చాలు.

అక్టోబర్ 18

విద్యాధర్ తన పాన కూడా తెచ్చాడు. మూడు కిలోలకు ఉలకలేదు. దాదాపు నాలుగు పెడితే గాని టిక్‌మనలేదు. అందరం వాడి మొహం చూశాం. ఇది రెండుసార్లు జీపు మీదికెళ్లి కింద పడ్డది కాకా, ఎప్పుడూ ఐదు మీదనే ఉంచి డబ్బాల పెడుత అన్నాడు. పని కాంగానే పిడిని సున్న దిక్కు తిప్పి పెట్టాలట, లేకుంటే లోపల స్ప్రింగు లెక్క తప్పుతుందట. అది వాడికి తెలుసు. బద్ధకం. తప్పు జర్మనీది కాదు అని నేనే వాడి తరఫున మాట్లాడాను. వాడు పగలబడి నవ్వాడు. పిల్లగాడు మంచివాడే.

అక్టోబర్ 21

తైవాన్‌ది తిరిగి ఇచ్చేశాను. చెడితే పడేసేది నాకొద్దు. నా కొట్టులో ఏదీ పడేయలేదు. జలంధర్‌దాని అంకెల కోసం భూతద్దం ఉంది.

కానీ పాన చివర పెట్టే బిట్లు, బోల్టు తలలో దిగే ముక్కలు, మాత్రం బయటివే తెచ్చాను. దేశీ బిట్టు అంచులు నాలుగు బిగింపులకే గుండ్రమయ్యాయి. దేశభక్తి అని బోల్టు తల చెడగొట్టుకుంటామా?

నవంబర్ 2

కొత్త గొట్టం వచ్చింది. గ్రీజు కాదు, గరుకు పేస్టు పూయాలి. పూశాను. నవీన పక్కనే నిలబడింది. ముందు ఒక పాత గొట్టం మీద చేసి చూపించు అన్నది. బిగించాను. టిక్‌మన్నది. అంతలో నా చేయి ఇంకో పట్టు పట్టింది. నేను పట్టలేదు. చేయి పట్టింది. బిగించాక ఇంకో పట్టు పట్టాలి, మా బాపు నుంచి వచ్చిన అలవాటు.

నవీన చూసింది. పాన నా చేతిలోంచి తీసుకుంది. టిక్‌మన్నంక నీదేం లేదు తాతా, గంతే, ఆపుడే అన్నది. మెత్తగానే అన్నది. సైకిలు మళ్లీ గదిలోకి పోయింది.

నవంబర్ 3

పాత గొట్టం మీద పొద్దంతా బిగించాను, విప్పాను.

నవంబర్ 12

ఆపడం బిగించడం కన్నా కష్టం. లస్మవ్వ ఎంత నవ్వినా సరే. ఈరోజు ఒక్కసారి కూడా చేయి తప్పలేదు.

నవంబర్ 23, ఆదివారం, కరీంనగర్

 మరిచిపోకముందే రాయాలి.

సైకిలు జీపులో పట్టదని సీటూ హ్యాండిలూ విప్పి తెచ్చాం. బైపాస్ మీద మంచు. చాలామంది పిల్లలు, చాలామంది కోచ్‌లు. విద్యాధర్ పాన తీసి ముందుకు వచ్చాడు. నవీన వాడికి చెయ్యి అడ్డం పెట్టింది. సార్, మా తాత ఉన్నడు అన్నది. అందరి ముందు అన్నది. సైకిలు నా ముందు పెట్టి, ఇటు వీపు తిప్పి జడ ముడి వేసుకుంటూ నిలబడింది. చూడలేదు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

సీటు. టిక్. ఆపాను.

హ్యాండిలు. టిక్, టిక్, టిక్, టిక్. ఆపాను.

నా జన్మలో అంత మంచి పని చేయలేదు.

చివరి మలుపు దగ్గర ముగ్గురు కలిసి వచ్చారు. నా పిల్ల హ్యాండిల్ మీద పడుకున్నట్టు వంగి, దాన్ని ఊడబెరికేటట్టు గుంజుతూ లేచి తొక్కింది. వెంట్రుకంత కదలలేదు అది. నవీన ఫస్టు! ఎవరో పెద్దమనిషి ఎవరి మనవరాలు అని అడిగాడు. మెకానిక్‌ను నేను అని చెప్పాను. అడిగింది అది కాదు. ఐనా చెప్పాను.

నవంబర్ 24

విద్యాధర్ టీములో పిల్లలందరి సైకిళ్లు ఇక మన కొట్టుకే. నవీన తన సైకిలు కొట్టులో నిలబెట్టి, ఏమీ చెప్పకుండా కాలేజీకి పోయింది.

నవంబర్ 30, తెల్లవారుజాము

ఎవరూ లేవకముందు సీటు కిందికి దించుకుని ఎక్కాను. రైల్వే గేటు దాకా పోయి వచ్చాను. దాని మీద గాలి వేరే ఉంది. మళ్లీ గొట్టం మీది గుర్తు దాకా ఎక్కించి బిగించి పెట్టాను.

ఆరింటికి నవీన అదే ఎక్కి పోయింది. ఏమీ తెలియలేదు ఆమెకు.