మత్తుమందు పేరు

డాక్టర్ శశిభూషణ్ గారికి,

నిరుడు మీ ఆసుపత్రిలో మత్తుమందు ఇవ్వగానే మా చెల్లెలు కనకవల్లికి ఊపిరి ఆగినంత పనైంది. ఎల్లుండి రాజమండ్రిలో ఆమెకు మళ్ళీ ఆపరేషన్. ఆ మందేదో చూడాలని అక్కడి డాక్టరమ్మగారు మీ కంప్యూటర్‌లోని రికార్డు అడిగితే, "బయటి ఆసుపత్రులకి పంపం అండి" అన్నారట మీవాళ్ళు. చెల్లెలు ఒప్పుకుని సంతకం పెట్టినా అదే మాటా? మీ హెల్త్ చెకప్ ప్రకటనలు మాత్రం అడక్కుండానే రోజూ నా ఫోనుకి పంపుతున్నారే! ఏం దాస్తున్నారండీ?

నేర్చిన విద్యను శిష్యులకివ్వక దాచుకున్న పండితుడు బ్రహ్మరాక్షసుడై చెట్టెక్కాడని పురాణం చెబుతోంది. రోగి రికార్డు దాచిన వైద్యుడు ఏమవుతాడో మీరే చెప్పండి.

జరిగిన తప్పు మీదైతే దాన్ని మీ దగ్గరే దాచుకోండి, నేనడగను. ఈ ఉత్తరం తెచ్చిన మా బావగారి చేతికి ఆ మందు పేరొక్కటి రాసివ్వండి.

ఇట్లు,
కనకవల్లి అన్నయ్య,
పిఠాపురం